దాయవిభాగమున వికలాంగులు

మధుర, కోయంబత్తూరు మండలములందలి తెలుగు కుటుంబములలో పెక్కు విజయనగర, నాయకరాజుల కాలమున దక్షిణమునకు తరలివచ్చినవి. ఊరు మారినది, ఇరుగుపొరుగు భాష మారినది. పంపకములకు ప్రమాణమైన ధర్మశాస్త్రము మాత్రము మారలేదు. విజ్ఞానేశ్వరుని మితాక్షరయే ఇచ్చటను ప్రమాణము. ఆ గ్రంథమును 13వ శతాబ్దిలో కేతన "విజ్ఞానేశ్వరీయము" పేర తెనిగించెను. తెలుగున ఇది తొలి ధర్మశాస్త్రమను ప్రశస్తి కలదు. కాని ఈ శాస్త్రము కుటుంబములో ఎవరికేమి మిగిల్చినదను విచారణయు అవసరమే.

యాజ్ఞవల్క్యస్మృతి ననుసరించి అంధుడు, కుంటివాడు, ఉన్మత్తుడు, జడుడు, కుదురని రోగము గలవాడు భాగమునకు అనర్హులు. అన్నవస్త్రములకు మాత్రమే అర్హులు. వ్యాఖ్యాత కొంత సడలింపు చూపకపోలేదు. విభాగము జరిగిన పిదప కలిగిన లోపము భాగమును హరింపదు. ఔషధాదులచే లోపము తొలగినచో భాగము దక్కును. నిర్దోషియైన కుమారునకు భాగము కలదు. అనగా భూమి తండ్రిని దాటి కొడుకును చేరును. తండ్రి ఆ యింట అన్నము తినువాడుగానే నిలుచును.

యజ్ఞకర్మకు అశక్తుడు గావున ధనమునకు అనర్హుడని ఈ నిషేధమునకు కారణము చెప్పువారు కలరు. చిత్రమేమన, ధనము యజ్ఞార్థమే యను వాదమును భార్య దాయాధికారమును సమర్థించుచు విజ్ఞానేశ్వరుడే ఖండించెను. ఆ తర్కమును అంధుని విషయమున ఆయన కొనసాగింపలేదు. గ్రంథమునందలి పెద్ద లోపమిదియే. అంధుడగుటచే ధృతరాష్ట్రునకు సింహాసనము తప్పిన కథను భారతమున చదివినవారికి ఈ తర్కలోపము కొత్తగాదు. పాండురాజు వనమున కేగిన పిదప ఆ అంధుడే రాజ్యమేలెను గదా!

1928 నాటి చట్టము మితాక్షర కుటుంబములలో ఈ నిషేధమును తొలగించెను; పుట్టుకతో మతిలేనివారిని మాత్రము విడిచెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 28వ సెక్షను ఆ మినహాయింపును సైతము తుడిచివైచి, రోగము, లోపము, వైకల్యము వారసత్వమునకు అడ్డుగావని శాసించెను.

ఆస్తి దక్కినంత మాత్రాన ఉద్యోగము దక్కదు. 1995 నాటి చట్టము 7 వైకల్యములను గుర్తింపగా, 2016 చట్టము 21 గుర్తించి, వివక్షను నిషేధించి, వికలాంగునకు అనువైన సౌకర్యము కల్పించుట విధియనెను. ఈ భావమునకు మధురలోనే నిదర్శనము కలదు. కీళ్లవాతముచే వ్రేళ్లు వంకరపోయిన వైద్యుడు గోవిందప్ప వెంకటస్వామి, తన చేతికి తగిన పనిముట్లతో లక్షకు పైగా నేత్రచికిత్సలు చేసెను. 1976లో అరవింద నేత్రాలయమును 11 పడకలతో స్థాపించెను. చేయి మారలేదు, పనిముట్టు మారినది.

అయినను 2016 చట్టమున ఒక బీట కలదు. న్యాయమైన ప్రయోజనమునకు తగుపాటి సాధనమైనచో భేదము చూపవచ్చునని 3వ సెక్షను అనుమతించుచున్నది. "తగుపాటి" యని నిర్ణయించునది ఎవరు? ఈ అనుమతితో నిమిత్తము లేకయే, తమిళనాట సివిల్ జడ్జి పదవికి 40 మొదలు 50 శాతము దృష్టిలోపము గలవారినే అనుమతించిన నిబంధనను 2019లో సుప్రీంకోర్టు సమర్థించెను. 70 శాతము లోపముగల అభ్యర్థి బయటనే నిలిచెను. అనువైన సౌకర్యమను సూత్రమును ఆ తీర్పు పరిశీలింపలేదని, 2016 చట్టము వచ్చిన పిదప అది అనుసరణీయము గాదని 2021లో ఆ న్యాయస్థానమే పలికెను. 2025 మార్చి 3న, దృష్టి లేదను కారణమున న్యాయసేవకు ఎవరిని దూరముంచరాదని తీర్పిచ్చెను.