ట్యాగు చదివాకే కౌంటరు వదలండి

అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నలకు టికెట్ తీసేటప్పుడు ధర చూస్తారు, తేదీ చూస్తారు. పెట్టె సంగతి ఆలోచించరు. ఏలూరులో మా వీధి పెద్దవాళ్ల ప్రయాణాలకు సామాను సర్దిపెట్టడం నాకు ఇష్టమైన పని. ఆవకాయ సీసాలు, కొల్లేటి ఎండుచేపలు మూట కట్టేముందు నేను అడిగేది ఒక్కటే: టికెట్ ఒకటా, రెండా?

గన్నవరం నుంచి చివరి ఊరి దాకా ఒకే బుకింగ్ అయితే సాధారణంగా పెట్టె నేరుగా వెళ్తుంది. హైదరాబాద్ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి వేరే టికెట్ అయితే ఆ పూచీ ఎవరికీ ఉండదు. అడిగితే పంపే సంస్థలు కొన్ని ఉన్నాయి, చవక విమానాలవాళ్లు మాత్రం సాధారణంగా ఒప్పుకోరు. శంషాబాద్‌లో బెల్టు దగ్గర పెట్టె తీసుకుని, బయటికొచ్చి, మళ్లీ చెకిన్ చేయాల్సిందే.

చిక్కులు మూడు. ఒకటి బరువు. అమెరికా టికెట్ మీద చాలావరకు 23 కిలోల పెట్టెలు రెండు తీసుకెళ్లవచ్చు. విడిగా కొన్న దేశీయ టికెట్ మీద ఎక్కువగా 15 కిలోలే. రెండోది సమయం. మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు సంబంధం లేదు, ప్రయాణికుడు రాలేదని రాసుకుంటుంది. మూడోది వీసా. టికెట్లు మారేది పరాయి దేశంలో అయితే, పెట్టె కోసం ఇమిగ్రేషన్ దాటాలి. వీసా తప్పనిసరైన దేశమైతే, అది లేకుండా దాటనివ్వరు.

టికెట్ ఒకటే అయినా, అమెరికాలో దిగిన మొదటి విమానాశ్రయంలో సాధారణంగా పెట్టె తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. తిరుగు ప్రయాణంలో మన దేశంలోనూ చాలాచోట్ల ఇదే పద్ధతి. ఈ మాట ముందే చెప్తే ఇంగ్లీషు రాని అమ్మ అక్కడ కంగారు పడదు.

కౌంటరులో ట్యాగు కట్టగానే దాని మీది మూడక్షరాల కోడ్ చదవండి. హెచ్‌వైడీ అని ఉంటే పెట్టె హైదరాబాద్‌లోనే దిగుతుంది. చేతికిచ్చిన ట్యాగు ముక్క పోగొట్టుకోవద్దు, పెట్టె తప్పిపోతే వెతికేది ఆ నంబరుతోనే. మందులు, కాగితాలు, పవర్ బ్యాంకు చేతిసంచీలోనే ఉండాలి.

రెండు టికెట్లు తప్పకపోతే నా సలహా రైలు. తాడేపల్లిగూడెంలోనో ఏలూరులోనో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్ చేరవచ్చు. సెకండ్ ఏసీలో మనిషికి 50 కిలోలు ఉచితం, రెండు పెట్టెల 46 కిలోలూ అందులో సరిపోతాయి. ఒకరోజు ముందే బయల్దేరితే రైలు ఆలస్యమైనా భయం లేదు.

పిల్లలకు నా విన్నపం: మీ ఒక్కరికైతే చవక చూసుకోండి. అమ్మానాన్నలకు మాత్రం నాలుగు డబ్బులు ఎక్కువైనా ఒకే టికెట్ కొనండి. డెబ్బై ఏళ్ల మనిషి చేత 46 కిలోలు ఒక కౌంటరు నుంచి ఇంకో కౌంటరుకి మోయించడం న్యాయం కాదు.