అతిమానుష వీరుల పాత బొమ్మల కథలు: సేకరణము, పఠనము

ఒక గ్రంథమును భద్రపఱచుటకును, దానిని చదువుటకును పొత్తు కుదురునా యను ప్రశ్న తాళపత్ర ప్రతులతో పని గలవారికి క్రొత్తది కాదు. ఈ ప్రశ్నయే అమెరికాలోని పాత కామిక్ పుస్తకముల విషయమున నేడు తీవ్రరూపము దాల్చినది. సూపర్‌మాన్ తొలిసారి కనబడిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక 1938 జూన్ తేదీతో వెలువడెను. దాని వెల 10 సెంట్లు. దాని ప్రతి యొకటి 2014లో 32 లక్షల డాలర్లకును, వేఱొక ప్రతి 2024లో 60 లక్షల డాలర్లకును అమ్ముడుపోయినవి. ఇట్టి ప్రతిని కొన్నవాడు దానిని తెఱచి చదువుట అరుదు. సేకరణము పఠనమునకు ఎట్లు తోడ్పడినదో, ఎచ్చట దానికి అడ్డువచ్చుచున్నదో ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

ఈ పుస్తకములు దాచుకొనుటకై పుట్టినవి కావు. చౌకరకపు వార్తాపత్రికల కాగితముపై నాలుగు రంగులతో అచ్చయి, బాలుర చేతులలో నలిగి, చిరిగి, చిత్తుకాగితములలో కలిసిపోయినవి. ఆ కాగితమందలి ఆమ్లగుణముచేత పుటలు పసుపుబాఱి పెళుసెక్కును. రెండవ ప్రపంచయుద్ధకాలమున చిత్తుకాగితముల సేకరణోద్యమమునకు అనేక ప్రతులు ఆహుతి యయ్యెను. 1948 ప్రాంతమున కొన్ని పట్టణములలో వీనిని కుప్పలుగా పోసి కాల్చిరి. 1954లో మానసిక వైద్యుడు ఫ్రెడరిక్ వెర్థామ్ ఈ పుస్తకములు బాలురను చెఱచుచున్నవని ఒక గ్రంథము ప్రకటించెను. ఆ యేడే ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళిని విధించుకొనిరి. వెర్థామ్ తన సాక్ష్యములను పలుచోట్ల మార్చి చూపెనని కారొల్ టిల్లీ అను పరిశోధకురాలు ఆయన కాగితములను పరిశీలించి 2012లో వెల్లడించినది. ఇన్ని గండములు గడచి మిగిలినవి గనుకనే యీ ప్రతులు దుర్లభములు.

మొదటి సేకర్తలు వర్తకులు కారు, పాఠకులు. డెట్రాయిట్ నగరమున వేన్ స్టేట్ విశ్వవిద్యాలయమందు అధ్యాపకుడుగా నుండిన జెర్రీ బెయిల్స్ తాను చిన్ననాట చదివిన ‘ఆల్ స్టార్ కామిక్స్’ సంచికలకై, ఆ కథలు వ్రాసిన గార్డ్‌నర్ ఫాక్స్‌కు లేఖలు వ్రాసెను. 1961లో ‘ఆల్టర్ ఈగో’ అను చిన్న పత్రికను నెలకొల్పెను. ఆ కాలపు కథలలో పెక్కింటికి కర్తల పేర్లు అచ్చులో నుండెడివి కావు. ఏ కథను ఎవరు వ్రాసిరి, ఏ బొమ్మను ఎవరు గీచిరి యని బెయిల్స్ మొదలైనవారు సంచికలను ప్రక్కప్రక్కన నుంచుకొని, శైలిని పోల్చి, జీవించియున్న కర్తలను ప్రశ్నించి పట్టికలు కూర్చిరి. మన సాహిత్యచరిత్రలో కర్తృత్వ నిర్ణయ మనబడు పని యిదియే.

ఈ పనికి గొప్ప ఫలము బ్యాట్‌మాన్ విషయమున దక్కినది. 1939 మే నెల ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచికలో వెలసిన ఆ వీరునికి బాబ్ కేన్ ఒక్కడే కర్త యని లోకము చాలకాలము నమ్మెను. ఆ పాత్ర రూపకల్పనలో రచయిత బిల్ ఫింగర్‌కు గల భాగమును బెయిల్స్ 1965లో ప్రకటించెను. ఫింగర్ 1974లో మరణించెను. అతని పేరు అధికారికముగా చేరినది 2015లో. పాత సంచికలను ప్రేమతో చదివినవారు లేకున్న ఆ పేరు మఱుగుననే యుండెడిది.

పాఠనిర్ణయమునకును పాత సంచికలే యాధారములు. జెర్రీ సీగల్, జో షూస్టర్‌లు దినపత్రికలకై సిద్ధపఱచిన సూపర్‌మాన్ కథ తిరస్కరింపబడగా, ఆ బొమ్మలనే కత్తిరించి అతికించి 13 పుటల కథగా మార్చి ‘యాక్షన్ కామిక్స్’కు ఇచ్చిరి. అందుచే ఆ కథ నడుమనుండి మొదలగును. నాయకుడు ఒక స్త్రీని కట్టి మోసికొనుచు రాష్ట్రగవర్నరు ఇంటికి పోవుచుండును. ఆమె నేరము అతనికెట్లు తెలిసినదో అందు లేదు. ఆ లోపించిన భాగము 1939 వేసవిలో వెలువడిన ‘సూపర్‌మాన్’ మొదటి సంచికలో చేర్పబడినది. ఈ రెండు పాఠములను పోల్చనివాడు కథారంభమునందలి తొట్రుపాటును కవుల యసమర్థతగా భావించు ప్రమాదము కలదు.

రసదృష్టితో చూచినను ఆ తొలి కథ మన యభిప్రాయమును సరిదిద్దును. అందలి సూపర్‌మాన్ ఆకాశమున ఎగురలేడు. మైలులో ఎనిమిదవవంతు దూరము దుముకగలడు. పేలెడు ఫిరంగిగుండు అతని చర్మమును భేదింపగలదు. అతడెదిరించువారు పరలోకపు రాక్షసులు కారు: భార్యను కొట్టు భర్త, శాసనసభ్యుని లోబఱచుకొనిన దళారి. నిరపరాధియగు స్త్రీని మరణశిక్షనుండి తప్పించుట అతని మొదటి కార్యము. ఆర్థికమాంద్యపు దినములలో సామాన్యుడు కోరుకొనిన రక్షకు డితడు. వీరరసమునకు స్థాయి ఉత్సాహము. శక్తికి హద్దున్నచోటనే ఉత్సాహమునకు తావు కలదు. ఈ కథలో దయావీరము స్ఫుటముగా నున్నది. తరువాతి కాలమున నాయకుని శక్తి అపారమైనకొలది వీరము వెనుకబడి అద్భుతము ముందునకు వచ్చెను. ఇది మా నిర్ణయము. దీనిని ఖండింపదలచువాడు కూడ ఆ పుటలనే చదువవలెను.

ఇక బాధకమును చూతము. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ వెలల పట్టికను ప్రకటించినది మొదలు సంచికలకు స్థిరమైన విపణి యేర్పడెను. 2000వ సంవత్సరమునుండి ఒక సంస్థ ప్రతులను పరీక్షించి, పదింటికి ఇంత యని గుణాంకము నిచ్చి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ముద్రవేయసాగెను. పెట్టె తెఱచిన ఆ గుణాంకము చెల్లదు. కావున పుస్తకము ముఖచిత్రము మాత్రమే గల వస్తువుగా మిగులును.

దీనికి సమాధానముగా రెండు మాటలు చెప్పుదురు. మొదటిది, ముద్రవేయుటచే ప్రతి కాపాడబడుచున్నదని. ఇది కొంతవఱకు సత్యము. మాయచేసి బాగుచేసిన ప్రతులను కనిపెట్టుటకును ఆ పరీక్ష యుపకరించినది. రెండవది, చదువగోరువారికి పునర్ముద్రణములు కలవని. ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికను 1974లో పెద్ద పరిమాణమున యథాతథముగా అచ్చువేసిరి. మేమును ఆ పాఠము నట్టి ప్రతిరూపముననే చదివితిమి. కాని యిట్టి యథాతథ ముద్రణములు కొన్నియే. పెక్కు పునర్ముద్రణములలో రంగులు క్రొత్తగా వేయబడినవి. ప్రకటనలు, పాఠకుల లేఖలు తొలగింపబడినవి. 10 సెంట్లు చేతబట్టుకొని వచ్చిన బాలుడు ఏ లోకమున నుండెనో తెలుపునవి ఆ తొలగింపబడిన పుటలే.

మఱొక మాట చెప్పక తప్పదు. ఆ తొలి కథకును, సూపర్‌మాన్ పాత్రపై సర్వహక్కులకును కలిపి కర్తలిద్దఱికి ముట్టినది 130 డాలర్లు. ఏండ్ల తరబడి వ్యాజ్యములు నడచిన పిమ్మట, 1975లో సాలుకు 20,000 డాలర్ల చొప్పున భరణమును, కథలపై వారి పేర్లును లభించినవి. నేటి లక్షల డాలర్లు చేతులు మారునది ప్రతులను కలిగినవారి నడుమనే.

సేకర్తలను నిందించుట మా యుద్దేశము కాదు. వారు లేనిచో విమర్శకునకు ప్రతియే లేదు. సి. పి. బ్రౌన్ తెలుగు వ్రాతప్రతులను సేకరించుటతో నిలువక, పండితులచే పాఠములను సరిచూపించి శుద్ధప్రతులు వ్రాయించెను. కావుననే ఆయన సేకరణ మనకు ఉపకరించినది. ఈ బొమ్మల కథల సేకర్తలును ముద్రవేయించుటకు ముందు ప్రతి పుటను, ప్రకటనలతో కూడ, ఛాయాచిత్రములు తీయించి గ్రంథాలయములకు ఇచ్చినచో భద్రతకును పఠనమునకును వైరము తొలగును. చేతులు మారి నలిగిన ప్రతికి గుణాంకము తక్కువ కావచ్చును. కాని దానిని చదివినవా రుండిరనుటకు ఆ నలుగుడే సాక్ష్యము.