కింద లేని ఇల్లు

భద్రాచలం దాటి దుమ్ముగూడెం మీదుగా చర్ల వైపు వెళ్తుంటే, ఊళ్ల దీపాలు వెనకబడిన కొద్దీ ఆకాశం చిక్కబడుతుంది. సారపాక కాగితం మిల్లు వెలుగూ, పాల్వంచ థర్మల్ కేంద్రం వెలుగూ దక్షిణపు అంచున లేత మరకలా మిగులుతాయి. తక్కిందంతా అడవి దాచిపెట్టిన చీకటి. వానలు వెనకబట్టి చలి మొదలైన రోజుల్లో, పొద్దుగూకిన తర్వాత, ఈ దారిలో ఎక్కడ ఆగినా ఒక్కోసారి పడమటి వైపు నుంచి ఒక చుక్క పైకి రావడం చూడొచ్చు. వెలుగులో శుక్రుడికి తీసిపోదు. విమానంలా దీపాలు మిణకరించదు, చప్పుడు చేయదు, రాలే చుక్కలా తొందరపడదు. ఎక్కడా వణక్కుండా, వంకర పోకుండా నడినెత్తికి వస్తుంది. ఐదారు నిమిషాల్లో ఆకాశం దాటేయాల్సింది, చాలాసార్లు దాటదు. తూర్పుకు దిగుతూ దిగుతూ, మబ్బూ కొమ్మా ఏదీ అడ్డం రాకుండానే ఎర్రబారి, మాసి, లేకుండా పోతుంది. భూమి నీడలోకి వెళ్లిందన్నమాట.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం అది. ఒక చివర నుంచి మరో చివరకు 109 మీటర్లు, బరువు 420 టన్నుల దాకా. 1998 నవంబరులో మొదటి భాగం పైకి వెళ్లింది. 2000 నవంబరు 2 నుంచి అందులో మనుషులు లేని రోజు ఒక్కటీ లేదు. ఎత్తు సుమారు 400 కిలోమీటర్లు: భద్రాచలం నుంచి హైదరాబాదుకు రోడ్డు మీదున్న దూరానికి మరో వంద కలిపి నిలువుగా పైకి లేపితే అంత. వేగం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైమాటే. ఖమ్మంలో బస్సెక్కినవాడు భద్రాచలం చేరడానికి మూడు గంటలు కూర్చోవాలి. కేంద్రంలో ఉన్నవాళ్లకు ఆ దూరం పదహారు సెకన్లు.

అద్భుత రసానికి స్థాయీభావం విస్మయమని నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పాడు. విస్మయానికి ఒక జబ్బుంది, తొందరగా చచ్చిపోతుంది. అంకెలు వింటాం, నోరు తెరుస్తాం, మూస్తాం. కిటికీలోంచి తీసిన భూగోళం ఫొటోలు మొదటి పది చూసినప్పుడు ఒళ్లు పులకరిస్తుంది, నూరో ఫొటో దగ్గర క్యాలెండర్ బొమ్మ అయిపోతుంది. నా వరకు ఆ కేంద్రంలోని రసం ఫొటోల్లో దొరకలేదు. అక్కడివాళ్లు పళ్లు తోముకోవడంలో, గాలి జల్లెడలు తుడవడంలో, మొరాయించిన మరుగుదొడ్డిని విప్పి బిగించడంలో దొరికింది. విస్మయాన్ని ఇంటిపని కాపాడుతుంది. ఊడ్చుకుంటూ ఉండే చోటు కనుకనే అది పాతబడదు.

వాళ్ల గడియారం గ్రీనిచ్ సమయం. రోజుకు పదహారు సూర్యోదయాలు, పదహారు అస్తమయాలు కిటికీ ముందు జరిగిపోతుంటే, ఏ ఒక్కదాన్నీ నమ్మకుండా ఆ గడియారాన్ని పట్టుకుని ఉదయం ఆరుకు లేస్తారు. మనకు సాయంత్రం ఏడైతే వాళ్లకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. చర్ల దారిలో మనం చూసే సంధ్య చుక్క, పని మధ్యలో ఉన్న చుక్క. లోపల ఒకరు పరికరంలో తల దూర్చి ఉంటారు, ఒకరు వ్యాయామంలో ఉంటారు. ఇంకొకరు ఎక్కడ పెట్టారో తెలియని స్క్రూడ్రైవరు కోసం గాలి తిరిగి లోపలికి పోయే జాలీల దగ్గర వెతుకుతూ ఉండొచ్చు. అక్కడ పోయిన వస్తువులన్నీ చివరికి తేలే చోటది.

వేసవిలో తెల్లవారుజామున కనిపించే చుక్క సంగతి వేరు. తునికాకు కోతకు జనం ఇంకా చీకటి ఉండగానే అడవిలోకి కదిలే వేళ, మన ఐదు గంటలకు, అక్కడ రాత్రి పదకొండున్నర. అప్పుడు నెత్తి మీదుగా వెళ్లేది నిద్రపోతున్న చుక్క. టెలిఫోన్ బూత్ అంత గదుల్లో, గోడకు కట్టుకున్న స్లీపింగ్ బ్యాగుల్లో, చేతులు నిద్రలో తమంతట తామే ముందుకు తేలుతుండగా మనుషులు పడుకుని ఉంటారు. పడుకోవడం అన్న మాట కూడా మన అలవాటే. అక్కడ నిలబడటానికీ పడుకోవడానికీ తేడా లేదు. వాళ్ల మొహాల మీదుగా గాలిపంకాలు ఆగకుండా తిరుగుతూ ఉండాలి. వేడి గాలి పైకి, చల్లగాలి కిందికి పోవడమనేది అక్కడ లేదు కనుక, పంకా ఆగితే వదిలిన ఊపిరి మొహం ముందే ముద్దగా నిలిచి, మళ్లీ అదే లోపలికి పోతుంది. ఆ హోరులోనే నిద్ర. అడవిలో ఆకు కోసేవాళ్ల తల మీదుగా ఆ నిద్ర సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల చొప్పున దాటిపోతుంటుంది. ఈ రెంటినీ ఒకే చూపులో పట్టుకోగలిగినవాడికి ఏ కావ్యమూ కొత్తగా చెప్పాల్సింది లేదనిపిస్తుంది నాకు. కొంచెం అతిశయోక్తే, ఉండనివ్వండి.

పగటి పనికి ఒక తాళం ఉంది. ప్రతి ఒక్కరి రోజూ కంప్యూటర్ తెర మీద నిమిషాల లెక్కన ముక్కలు చేసి ఉంటుంది. దాని మీద నిలువుగా ఒక ఎర్ర గీత ఎడమ నుంచి కుడికి జరుగుతుంటుంది. చేస్తున్న పని గీత కంటే వెనకబడిందా, రోజంతా దాన్ని తరుముకోవడమే. తాళం తప్పిన పాటగాడికే తెలుస్తుంది ఆ బాధ. వారానికోసారి, సాధారణంగా శనివారం, ఇల్లంతా శుభ్రం చేసుకుంటారు. వాక్యూమ్ గొట్టం, తడి గుడ్డలు పట్టుకుని కమాండర్‌తో సహా అందరూ తుడుస్తారు.

ఆంగికానికి, అంటే ఒంటి కదలికలతో చేసే అభినయానికి వద్దాం, అసలు నాట్యం అక్కడుంది. కొత్తగా వచ్చినవాళ్లు గోడలకు కొట్టుకుంటారు. 2025 జూన్‌లో వెళ్లిన మన శుభాంశు శుక్లా, పసివాడిలా నడకా తిండీ మళ్లీ నేర్చుకుంటున్నానని చెప్పాడు. ఆరితేరినవాళ్ల వీడియోలు చూడండి. ఒక్క వేలి కొసతో గోడను తాకుతారు, ఒళ్లంతా పది అడుగులు సాగి, అనుకున్న చోట ఇంకో వేలి కొసకు ఆగుతుంది. అదనపు బలం ఒక్క రవ్వ కూడా ఉండదు, ఎందుకంటే పెట్టిన ప్రతి రవ్వనూ అవతలి గోడ దగ్గర మళ్లీ ఆపుకోవాలి. కాళ్లకు నడిచే పని పోయింది. అవి చేతులయ్యాయి: గోడల వెంట బిగించిన కడ్డీల కింద పాదం దూర్చి ఒంటిని నిలిపే కొక్కేలయ్యాయి. కొన్ని వారాలకు అరికాలి గట్టిచర్మం ఊడిపోయి పసిపిల్లల పాదంలా మెత్తబడుతుంది. కాయలు కాచేది పాదం పైభాగాన, బొటనవేలి మీద. చెప్పుల్లేకుండా అడవి నడిచి నడిచి తోలు దేరిన కోయ పెద్దల అరికాళ్లు చూసినవాళ్లకు ఇది తిరగేసి రాసిన అదే అక్షరంలా కనిపిస్తుంది. పని ఎక్కడ తాకితే శరీరం అక్కడ గట్టిపడుతుంది.

ఆ శరీరాన్ని ఊరకే వదిలేస్తే ఎముక నెలకు నూటికి ఒక వంతు చొప్పున కరుగుతుంది. అందుకే రోజూ రెండు గంటల వ్యాయామం. పరుగు యంత్రం గోడకు బిగించి ఉంటుంది. భుజాలకు పట్టీలు వేసుకుని, సాగే తాళ్లతో తమను తాము యంత్రానికి లాగించుకుంటూ గోడ మీద పరిగెత్తుతారు. బరువు అనేది మనకు పుట్టుకతో ఊరికే వచ్చింది. వాళ్లు దాన్ని రోజూ రెండు గంటలు కష్టపడి సంపాదించుకోవాలి.

ఇక ఆ ఇంట్లో నాకు అన్నిటికంటే నచ్చిన వస్తువు: భోజనాల బల్ల. ఆలోచించండి, బల్ల ఎందుకు? ఏ వస్తువూ దాని మీద ఆగదు. వెల్క్రో పట్టీలు, టేపు ముక్కలు పెట్టి పొట్లాలను అంటించాలి. చుట్టూ కుర్చీలు ఉండవు, కూర్చోవడమే లేదు. తినడానికి కావలసింది కత్తెరా, పొడుగు కాడ చెంచా. పొట్లం కత్తిరించుకుని ఎవరి మూలలో వాళ్లు, తలకిందులుగానైనా తినేయవచ్చు. అయినా యూనిటీ అనే భాగంలో ఒక బల్ల ఉంది. వారాంతాల్లో, పండగల్లో ఆ బల్ల చుట్టూ, పాదాలు కడ్డీల్లో దూర్చి, తలలన్నీ ఒకే వైపు పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తింటారు. ఉపయోగం అడిగితే బల్ల దగ్గర జవాబు లేదు, మర్యాద అడిగితే ఉంది. ఆ ఇంట్లో పై కింద అనేవి ప్రకృతి ఇవ్వలేదు. దీపాలన్నీ ఒక వైపు పెట్టి అది పై అన్నారు, రాతలన్నీ ఒక దిక్కుగా రాసి ఇది నిటారు అన్నారు. అబద్ధమని అందరికీ తెలుసు. తెలిసీ కలిసి పాటిస్తారు. నాటకశాలలో ప్రేక్షకుడు చేసేదీ ఇదే, రసం పుట్టేదీ ఆ ఒప్పందం నుంచే.

బల్ల మీదికి వచ్చేవాటిలో రొట్టెముక్క ఉండదు, పొడి రాలి కళ్లలో, యంత్రాల్లో పడుతుందని. మెక్సికో వాళ్ల టోర్టియా ఉంటుంది, మన పుల్కాకు చుట్టమే. ఉప్పూ మిరియమూ ద్రవరూపంలో చుక్కలుగా వేసుకోవాలి. బరువు లేకపోవడంతో ఒంట్లో నీరు తలకెక్కి ముక్కు దిబ్బడ వేస్తుంది, రుచి మందగిస్తుంది. అందుకే చాలామందికి అక్కడ కారం మీదికి మనసు పోతుంది.

ఖమ్మం మిర్చి యార్డులో జనవరి నుంచి ఏప్రిల్ దాకా అడుగుపెట్టినవాడెవడికైనా ముక్కు దిబ్బడ ఒక సమస్యే కాదు. ఎర్రటి బస్తాల వరసల మధ్య తేజ రకం మిరప ఘాటుకు తుమ్మకుండా నడిచినవాడు ఆ ఊరివాడే అయ్యుండాలి. అందుకే 2021లో అంతరిక్ష కేంద్రంలో మిరపచెట్లు పెంచారన్న సంగతి ఈ జిల్లాకు సొంత కబురు. న్యూమెక్సికో జాతి మిరప. మన తేజ ముందు సాధుజీవి. నాలుగు మొక్కలు, 137 రోజులు. పూత వచ్చాక తుమ్మెదా లేదు, గాలీ లేదు. పెట్టెలోని పంకాలతో పూలను కదిపి పుప్పొడి రాల్చాల్సి వచ్చింది. అక్టోబరు 29న మొదటి కోత, నవంబరు 26న రెండోది. మొదటి కోత కాయలతో టాకోలు చుట్టుకుని తిన్నారు. ఆ క్షణాన వాళ్ల మొహాలు ఊహించండి: కొత్త రుచికి కళ్లు పెద్దవవడం, వెంటనే నవ్వు. శాస్త్రవేత్తలకు కారం ఎంత, పోషకం ఎంత అన్న లెక్కలు అవసరం. నాకు ఆ మొహాలు చాలు. నెలల తరబడి పొట్లాలు తిన్న నోటికి చెట్టు నుంచి తెంపిన కాయ తగిలింది.

రెండో కోత నాటికి అక్కడ రాజాచారి ఉన్నాడు. తండ్రి శ్రీనివాస్ చారి హైదరాబాదు నుంచి చదువుకోసం అమెరికా వెళ్లినవారు. కొడుకు అక్కడే పుట్టి, వైమానిక దళంలో చేరి, నాసా వ్యోమగామి అయి, నలుగురి బృందానికి కమాండర్‌గా 2021 నవంబరు 11న కేంద్రం చేరాడు. చేరిన నాలుగో రోజే, రష్యా తన పాత ఉపగ్రహాన్ని క్షిపణితో పేల్చిన ముక్కలు ఆ దారిలోకి వచ్చాయి. తలుపులు మూసుకుని, తిరిగి వెళ్లాల్సిన నౌకల్లో కూర్చుని దాదాపు రెండు గంటలు వేచి ఉన్నారు. తర్వాత బయటికొచ్చి పనిలో పడ్డారు. పదకొండు రోజులకు మిరపకాయలు కోశారు. భయానకం ఇంత పొట్టిగా ముగిసి శాంతానికి చోటివ్వడం కథల్లో ఎవరైనా రాస్తే నేను ఒప్పుకునేవాణ్ని కాదు. మార్చిలో అతను రెండుసార్లు బయట నడిచాడు, ఒక్కోసారి దాదాపు ఏడు గంటలు. నడక అన్నా అదీ చేతులతోనే. చేతొడుగులో గట్టిపడిన గాలిని ప్రతి పట్టుకూ పిండుతూ, వేళ్లు తిమ్మిరెక్కే కూలిపని. 2022 మేలో దిగివచ్చాడు.

కరుణ మాట కూడా చెప్పాలి. అక్కడ కన్నీరు రాలదు. కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ 2013లో కంట్లో నీళ్లు పిండుకుని చూపించాడు: చుక్క జారకుండా కన్ను మీదే బొబ్బలా పేరుకుంది, ఇంకా పెరిగితే ముక్కు మీదుగా రెండో కంటికి పాకుతుందన్నాడు. తుడుచుకుంటే తప్ప దుఃఖం పోదు. తుడుచుకున్న గుడ్డలోని తడి గాల్లో కలిసి, చెమటతో, ఊపిరితో, మూత్రంతో పాటు యంత్రంలో శుద్ధమై తాగునీరవుతుంది. ఆ ఇంట్లో నీటిలో నూటికి 98 పాళ్లు ఇలా తిరిగి వచ్చేదే. బట్టలకు ఆ భాగ్యం లేదు. ఉతికే నీళ్లు లేవు కనుక మాసేదాకా తొడిగి, చెత్తతో పాటు ఖాళీ సరుకు నౌకలో కుక్కి వదిలేస్తారు. అది గాలిపొరలో పడి మండిపోతుంది. ఎక్కడో ఎవరైనా చూసిన ఏదో ఒక రాలే వెలుగు, ఎవరి మాసిన బనియనో అయ్యుండొచ్చు.

శుక్లా అక్కడున్నది పద్దెనిమిది రోజులు. ధార్వాడ్ నుంచి పంపిన మెంతులనూ పెసలనూ గాజు పళ్లేల్లో మొలకెత్తించాడు. తెచ్చుకున్న క్యారెట్ హల్వాను తోటివాళ్లకు పంచాడు. మొలకలను శీతల పెట్టెలో భద్రం చేసి కిందికి తెచ్చారు. హల్వా మాత్రం అక్కడే చెల్లిపోయింది, దానికి చోటు అదే.

ఈ కేంద్రాన్ని 2030 తర్వాత పసిఫిక్ సముద్రంలో దించేయాలని నాసా నిశ్చయించింది. 2035 నాటికి భారతీయ అంతరిక్ష్ స్టేషన్ నిలబెడతామని ఇస్రో చెబుతోంది. ఎన్ని భాగాలు, ఎంత బరువు అన్న వివరాలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. ఆ పటాలు గీసేవాళ్లు ఎదురుపడితే నేను అడగాలనుకునేది ఒక్కటే: బల్ల ఎక్కడ వేస్తున్నారు, దాని చుట్టూ ఎంతమంది పడతారు?