గూటి దగ్గర ఎవరి వంతు

దుబాయ్ యువరాజు షేక్ హమ్దాన్ కారు అద్దం దగ్గర గువ్వ గూడు కట్టుకుంటే, 2020 ఆగస్టులో ఆయన ఆ మెర్సిడెస్‌ను కదపకుండా ఉంచేశారు. ఆ వీడియో ఈ వారం మా తెలుగు వాట్సాప్ గ్రూపులో మళ్లీ తిరిగింది. కింద షరా మామూలే: ‘అమ్మ ప్రేమ’. ఒళ్లు మండింది. గూట్లో కూర్చున్న ప్రతి పిట్టనూ అమ్మను చేసేయకండని ఎన్నిసార్లు మొత్తుకున్నానో ఈ కాలమ్ పాత పాఠకులకు తెలుసు. గువ్వల్లో సాధారణంగా పగటి కాపలా మగదానిది, రాత్రిది ఆడదానిది. పిల్లలకు పట్టే పాలలాంటి ముద్ద ఇద్దరి గొంతు సంచుల్లోనూ ఊరుతుంది.

తీతువు సంగతీ అంతే. అది కూసిందంటే మా నాయనమ్మ ప్రయాణం మాన్పించేది, ఎక్కడో చావు కబురు ఖాయమనేది. పొలంలో దాని గుడ్ల దగ్గరికి మనమే పోతాం, అది గగ్గోలు పెడితే అపశకునం అంటాం! అదే పిట్ట ఇక్కడ దుబాయ్ పార్కుల గడ్డిలో దర్జాగా తిరుగుతుంది. ఎండలు ముదిరితే నీళ్లలో దిగి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఇక్కడ పొదగడమంటే వెచ్చబెట్టడం ఒక్కటే కాదు, గుడ్లు ఉడికిపోకుండా కాయడం కూడా. ఆలుమగలు వంతులు వేసుకుంటేనే సాగుతుంది.

చూశారా తండ్రుల గొప్ప, అని ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. అబూదాబి దగ్గరి అల్ వత్బా చిత్తడి నేల గుర్తొచ్చి ఆగాను. పరిశోధకులు అక్కడ కెంటిష్ ప్లోవర్ గూళ్లను గమనించారు. పిడికెడంత పిట్ట. వేసవి మధ్యాహ్నం ఇక్కడి ఇసుక 50 డిగ్రీలు దాటుతుంది, గుడ్లను కాసేపు వదిలినా ముప్పే. ఇద్దరూ ఉండి తీరాలి. ఇదే పిట్ట యూరప్‌లోనూ ఉంది. అక్కడ పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చాక తల్లి చాలాసార్లు వాటిని తండ్రికి వదిలేసి మరో జోడీని వెతుక్కుంటుంది. చల్లటి చోట తండ్రి ఒక్కడే సాకగలడు, పైగా ఆమె కోసం పోటీపడే మగవాటికి కొదవ ఉండదు.

అంటే ఇక్కడి తండ్రి ఓపిక సగం ఎండ పుణ్యమే. అక్కడ వెళ్లిపోయిన తల్లిదీ తప్పు కాదు. అమ్మకు బిరుదిచ్చినవాళ్ల మీద విరుచుకుపడి, నాన్నకు ఇప్పించబోయాను, అంతే తేడా.

ఇప్పుడు గూడు కనబడితే పొద్దున్నే, కారులోంచే చూస్తున్నాను. దిగి దగ్గరికెళితే కూర్చున్నది లేచిపోతుంది, గుడ్లు ఎండపాలవుతాయి. మధ్యాహ్నం వెలుతురులో ఫోటో కావాలనే మిత్రులకు చోటు చెప్పడం మానేశాను. కోపగించుకుంటున్నారు, కానివ్వండి.