బాతు మెడలో ఎర్ర రిబ్బను

మా అక్క కూతురు బొమ్మలేస్తుంది. పోయిన చలికాలం వేసిన బొమ్మలో టొరంటోలోని ఫించ్ స్టేషన్ ముందు బస్టాపు, మోకాలి లోతు మంచు, ఆ మంచులో నడిచొస్తున్న భీమ్, అతని భుజాల మీద రామ్. 'ఆర్ఆర్ఆర్' చూసినవాళ్లకి ఆ భంగిమ విడమరిచి చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ ఇద్దరికీ చెవులు కప్పే ఉన్ని టోపీలున్నాయి. రామ్ రెండు చేతుల్లో తుపాకుల బదులు రెండు టిమ్ హార్టన్స్ కాఫీ కప్పులున్నాయి. కుడివైపు మూల మంచుకుప్ప మీద, ఎవరో వేలితో గీసినట్టు, చిన్న అక్షరాల్లో దాని పేరు.

ఉగాదికి పది రోజుల ముందు ఆ బొమ్మ వాట్సాప్‌లో తిరిగి తిరిగి మా ఇంటికే వచ్చింది, ఒక పండగ వేడుక ఆహ్వానపత్రం మీద. టోపీలున్నాయి, కాఫీ ఉంది. మంచుకుప్ప ఉండాల్సిన చోట మాత్రం పులిహోర, బొబ్బట్లు, పార్కింగ్ ఉచితం.

"నా పేరు మంచులో ఉంది పిన్నీ. మంచు కోసేశారు," అంది.

నిర్వాహకుల్లో ఒకాయనకి ఫోన్ చేశాను. ఆయన కోప్పడలేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. "సినిమా రాజమౌళిది. బొమ్మలో ఉన్నది ఎన్టీఆర్, చరణ్. మధ్యలో పాపది ఏముందండీ?" అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ వ్యాసం ఆయనకి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

అమ్మకానికి లేని అంగడి

ఒకరి సృష్టి మీద మనసుపడి, దాన్ని ఆనుకుని మరొకరు అల్లే కథ, గీసే బొమ్మ, కట్టే పాట, కూర్చే వీడియో... వీటన్నిటినీ కలిపి ఫ్యాన్‌వర్క్ అంటున్నారు, అందులో కథలైతే ఫ్యాన్‌ఫిక్. అభిమాన సృజన అనుకుందాం. ఈ అలవాటు ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 1967లోనే అమెరికాలో 'స్టార్ ట్రెక్' అభిమానులు 'స్పాకనేలియా' అనే పత్రికను సొంతంగా వేసుకుని పంచుకున్నారు. మా టొరంటోలో రచయిత్రి జూడిత్ మెరిల్ 1970లో తన దగ్గరున్న అయిదు వేల దాకా పుస్తకాలూ పత్రికలూ ప్రజా గ్రంథాలయానికి ఇచ్చేసింది. సైన్స్ ఫిక్షన్‌కి అంకితమైన ఆ భాండాగారం ఇప్పుడు ఆమె పేరుతోనే కాలేజ్ స్ట్రీట్‌లో ఉంది. పేరున్న రచయితల నవలలతో పాటు అభిమానులు అచ్చేసుకున్న పత్రికలనీ అక్కడ పదిలంగా దాచారు.

ఆ తర్వాత ఈ లోకం కంప్యూటర్లలోకి మారింది. 2007లో కొందరు అభిమానులు కలిసి లాభాపేక్ష లేని సంస్థ పెట్టుకున్నారు. దాని తరఫున 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' అనే వెబ్‌సైటు 2009 నవంబరులో అందరికీ తెరుచుకుంది. విరాళాలతో, జీతం లేని చేతులతో నడుస్తుంది. ప్రకటనలు లేవు, అమ్మకం లేదు. నేడు అందులో కోటికి పైగా రచనలున్నాయి. 2019లో దానికి సైన్స్ ఫిక్షన్ లోకపు హ్యూగో పురస్కారం వచ్చింది. 'బాహుబలి'కీ 'ఆర్ఆర్ఆర్'కీ అక్కడ విడిగా అరలున్నాయి, కథల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషులో. మన కథానాయకులు ఎక్కడెక్కడి వాళ్ల వంటింటి బల్లల మీదో రాత్రి పన్నెండింటికి కొత్త బతుకులు బతుకుతున్నారు. రాసినవాళ్లకి పైసా రాదు. వాళ్లకి దక్కేది పేరు, చదివినవాళ్ల మాట. ఆ రెంటిలో ఒకటి కోసేస్తే సగం జీతం కోసేసినట్టే.

ఖాళీ కనిపెట్టే విద్య

అభిమాన సృజన అనగానే నకలు అనుకుంటాం. నకలుకి ఓపిక చాలు. దీనికి ముందు కావలసింది మూలంలో ఖాళీ ఎక్కడుందో కనిపెట్టే కన్ను.

1957లో వచ్చిన 'మాయాబజార్' తీసుకోండి. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. బలరాముడికి కూతురున్నట్టూ, అభిమన్యుడు ఆమెను వలచినట్టూ, ఘటోత్కచుడు మాయ చేసి ఆ పెళ్లి జరిపించినట్టూ జనం అల్లుకున్నారు. ఆ కథ నాటకమైంది. 1936లో ఓసారి సినిమా అయింది. తర్వాత కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావుల చేతిలో పడి మన ఇంటి చుట్టమైంది. భారతకథే అయినా తెర మీద పాండవులు కనిపించరు. మూలంలో ఓ పక్కన నిలబడ్డ ఘటోత్కచుడికి నడివేదిక దొరికింది. మా పిల్లకి మొన్న ఈ సినిమా చూపిస్తే సగంలోనే తేల్చేసింది: "మిస్సింగ్ సీను, సైడ్ క్యారెక్టర్‌ది పాయింటాఫ్ వ్యూ, పైగా ఇంత తిండి! ఇది పక్కా ఫ్యాన్‌ఫిక్ పిన్నీ."

ఖాళీ పట్టే కన్ను మొదటిదైతే, రెండో పనిముట్టు 'ఒకవేళ' అన్న మాట. ఇలా కాక అలా జరిగి ఉంటే? దీన్ని ఆ లోకంలో 'ఏయూ' అంటారు, అంటే మరో విశ్వం. అల్లూరి సీతారామరాజు 1924లో మన్యంలో నేలకొరిగాడు. కొమురం భీమ్ 1940లో జోడేఘాట్‌లో. ఇద్దరూ కలుసుకున్నట్టు చరిత్రలో లేదు. కలిస్తే ఎలా ఉండేది అన్న ఊహే 'ఆర్ఆర్ఆర్'. అంటే ఆ సినిమాయే చరిత్ర మీద అల్లిన ఒక 'ఒకవేళ'. మా పిల్ల దాన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. వాళ్లిద్దరూ మా నార్త్ యార్క్‌కి వలసొస్తే? జనవరిలో బస్సు రాకపోతే ఎవరు ఎవర్ని మోస్తారు? ఈ దేశంలో మొదటి చలికాలం ఇంకొకరి గదిలో, ఇంకొకరి కోటు తొడుక్కుని గడిపిన వాళ్లందరికీ ఆ బొమ్మ ఎక్కడ తగులుతుందో తెలుసు. ఆ తగలడం రాజమౌళి సినిమాలో లేదు. పాపది ఏముందని అడిగారు కదా, అది పాపది.

మూడోది గొంతు పట్టుకోవడం, అన్నిట్లోకీ కష్టమైనది. మూలంలోని మనిషి ఎన్నడూ అనని మాట రాయాలి, చదివినవాడు "అవును, ఇలాగే అంటాడు" అనాలి. మన భాషలో ఈ విద్యకి పెద్ద దిక్కు ఎర్రన. రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతాంధ్రీకరణ మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దిలో తిక్కన ఆ ఖాళీని అలాగే వదిలి విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా రాశాడు. ఆ తర్వాతి శతాబ్దిలో ఎర్రన వచ్చి మిగిలిన అరణ్యపర్వం పూరించాడు. నన్నయ నడకతో మొదలుపెట్టి, మెల్లమెల్లగా తిక్కన నడకలోకి దింపి, అతుకు కనపడకుండా రెంటినీ కలిపాడని పండితులు మెచ్చుకుంటారు. ఎర్రనని ఆదరించింది అద్దంకి రెడ్డిరాజు. అయినా ఆ భాగాన్ని తన ప్రభువుకి కాక, నన్నయ ఎవరి కోసం మొదలెట్టాడో ఆ రాజరాజనరేంద్రుడికే చెప్పాడు. అప్పటికి మూడు వందల ఏళ్ల కిందట మొదలైన పని మీద అంత ప్రేమ, అంత మర్యాద.

చిన్న పనిముట్లు ఇంకా ఉన్నాయి. ఒకరు ఓ వాక్యమో సన్నివేశమో విసురుతారు, మరొకరు దాన్ని కథగా పూరిస్తారు. అవధానంలో పృచ్ఛకుడు సమస్య ఇస్తే అవధాని పూరించినట్టే. కథ బయటికి వెళ్లే ముందు ఒకరు చదివి తప్పులు దిద్దుతారు. ఆ మొదటి పాఠకుణ్ణి 'బీటా' అంటారు, ఆ పనికీ జీతం లేదు. కథ పైన సంగతులు ముందే రాసిపెడతారు: ఎవరి కథ, ఎంత పొడవు, చావులున్నాయా, హింస ఉందా. పచ్చడి సీసా మీద వేరుశనగ ఉందని రాసినట్టు, పడనివాళ్లు ముందే తప్పుకుంటారు.

ఎవరి బాతు, ఎవరి రిబ్బను

నార్త్ యార్క్ సెంటర్‌లో సబ్‌వే ఎక్కితే దారిలో మారకుండా ఈటన్ సెంటర్ దగ్గర దిగొచ్చు. ఆ మాల్‌లో గాజు కప్పు కింద అరవై కెనడా బాతులు రెక్కలు విప్పుకుని వేలాడుతుంటాయి. మైకేల్ స్నో చేసిన శిల్పం అది. ఒక క్రిస్మస్‌కి మాల్ వాళ్లు బాతుల మెడలకి ఎర్ర రిబ్బన్లు కట్టారు. తన పనిని ఎగతాళి చేశారని, వీనస్ విగ్రహానికి చెవిపోగులు తగిలించినట్టు ఉందని స్నో కోర్టుకెక్కాడు. శిల్పం మాల్ సొంతం, డబ్బిచ్చి కొనుక్కుంది. అయినా 1982లో కోర్టు రిబ్బన్లు తీసెయ్యమంది. వస్తువు కొనుక్కున్నా, అది చేసినవాడి గౌరవం దాన్ని అంటిపెట్టుకునే ఉంటుందన్నమాట.

ఇక్కడే ఆహ్వానపత్రం పెద్దమనిషి నన్ను పట్టుకోవచ్చు. "మీ పిల్ల చేసింది కూడా రాజమౌళి బాతుకి రిబ్బను కట్టడమే కదా?" కాదు. సినిమా ఎక్కడుండాలో అక్కడే ఉంది, ఒక్క ఫ్రేము కూడా చెదరలేదు. మా పిల్ల ఆ బాతుని చూసి, తన మట్టితో ఇంకో బాతుని చేసుకుంది. ఎవరి బాతుని చూసి చేసిందో కింద రాసింది కూడా. ఆహ్వానపత్రం చేసినవాళ్లు పట్టుకున్నది కత్తెర. వేరే బాతుని చెయ్యలేదు, ఉన్న బాతు రెక్క కోశారు.

ఈ తేడా కెనడా చట్టానికీ తెలుసు. 2012లో కాపీరైట్ చట్టానికి 29.21 అనే సెక్షన్ చేర్చారు. ఉన్న కృతిని వాడుకుని మామూలు మనుషులు కొత్త కృతి చేసుకోవచ్చంటుంది, నాలుగు షరతుల మీద. డబ్బు కోసం చెయ్యకూడదు. వీలైనంతలో మూలాన్నీ, దాని కర్తనీ చెప్పాలి. వాడుకున్న ప్రతి దొంగ ప్రతి కాదని నమ్మడానికి తగిన కారణం ఉండాలి. అసలు కృతికి గట్టి నష్టం కలగకూడదు. చదువుతుంటే చట్టంలా లేదు, పరువు గల అభిమానుల మధ్య ఎప్పట్నుంచో నడుస్తున్న మర్యాదని పార్లమెంటు రాసిపెట్టుకున్నట్టుంది.

సేకరణ అనే ముసుగు

మన కావ్యాల్లో ఇష్టదేవతా స్తుతి కాగానే పూర్వకవి స్తుతి ఉండేది. నాకు ముందు నడిచినవాళ్లు వీళ్లు అని పేరు పేరునా దండం పెట్టి గానీ కవి కథలోకి దిగేవాడు కాదు. ఫ్యాన్‌ఫిక్ మొదట్లో "పాత్రలు నావి కావు, ఫలానావారివి" అని రాసే వాక్యం ఆ స్తుతికి ఈ కాలపు ముని మనవరాలు. ఇలా తమ ముందువాళ్లకి దండం పెట్టేవాళ్లకే మనం దండం ఎగ్గొడుతున్నాం.

పేరు ఊడిపోతే ఏమవుతుందో మన చాటుపద్యాలే సాక్ష్యం. నోటినోటా తిరిగి తిరిగి, దొరికిన పద్యమల్లా శ్రీనాథుడి ఖాతాలోనో తెనాలి రామకృష్ణుడి ఖాతాలోనో పడింది. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఊళ్లు తిరిగి 'చాటుపద్య మణిమంజరి' కూర్చకపోతే పద్యాలే మిగిలేవి కావు. అప్పుడు తాటాకు చిరిగిపోయి పేర్లు పోయాయి. ఇప్పుడు బొటనవేలితో మనమే చెరిపేసి, కింద 'సేకరణ' అని పెడుతున్నాం. సేకరించిన చోట పేరు ఉండే ఉంటుంది. అది మాత్రం సేకరించం.

మరి మర్యాద అంటే ఏం చెయ్యాలి? మా పిల్లని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టింది. బొమ్మ నచ్చితే బొమ్మ ఉన్న చోటికి దారి చూపించు, దింపుకొచ్చి నీ గోడకి అంటించకు. అనువదించాలన్నా, చదివి రికార్డు చెయ్యాలన్నా, ఏఐ యంత్రానికి మేతగా వెయ్యాలన్నా ముందు అడుగు. వద్దంటే వద్దు. చేత్తో బైండు చేసి నీ అల్మరాలో పెట్టుకో, సంతోషం. దాన్ని అమ్మితే మాత్రం రాసినవాళ్లు చిక్కుల్లో పడతారు, భయపడి కథలే తీసేస్తారు. "తర్వాతి భాగం ఎప్పుడు?" అని తరమకు, వాళ్లకీ పరీక్షలుంటాయి, షిఫ్టులుంటాయి. నచ్చకపోతే వెనక్కి వెళ్లే బటన్ ఉంది.

"నచ్చితే?" అన్నాను.

"సూపర్ అనకు పిన్నీ. ఏది నచ్చిందో చెప్పు."

దాని బొమ్మకి వచ్చిన మెచ్చుకోళ్లలో అది దాచుకున్నది ఒక్కటే. ఎవరో రాశారు: రామ్ చేతిలో కప్పులు రెండూ మూతలతో ఉన్నాయి, భీమ్ నడుస్తున్నా ఒలకవు, అంటే రెండోది భీమ్ కోసమే జాగ్రత్తగా పట్టుకున్నాడు కదా అని. ఆ మూతలు గీయడానికి దానికి ఒక సాయంత్రం పట్టింది. చూసినవాళ్లు వందలు, మూతలు చూసినవాళ్లు ఒకరు.

నిర్వాహకుడు మంచివాడే. రెండు రోజుల తర్వాత ఆహ్వానపత్రం మార్చి పంపాడు. అడుగున, భోజనాలు ఎవరు వండుతున్నారో చెప్పే వరస కింద, 'చిత్రం' అని పెట్టి పేరు వేశారు. మా పిల్ల చూసి "సరే" అంది. ఇంకేమీ అనలేదు.

నేను మాత్రం అసలు బొమ్మని మంచుకుప్పతో సహా ప్రింటు తీసి ఫ్రిజ్‌కి తగిలించాను. నయాగరా నుంచి తెచ్చిన అయస్కాంతం కుడివైపు మూల పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. సరిగ్గా పేరు మీద పెట్టాను. దగ్గరికెళ్లి అయస్కాంతం పైకి జరిపాను.