ఒక్కొక్కరికీ ఒక్కో గీత

కార్టూనిస్టుకి సొంత గీత ఉండాలంటారు. సంతకం చూడకుండానే ఇది బాపు, ఇది జయదేవ్, ఇది మోహన్ అని పోల్చుకోవడం మన పాఠకులకి మహా ఇష్టం. నాకూ ఇష్టమే. కానీ ఏ పత్రికలోనూ ఉద్యోగం లేకుండా, ఉప్పర్వాహిలో కూర్చుని బొమ్మలు వేస్తున్న కొద్దీ నాలో ఇంకో నమ్మకం గట్టిపడుతోంది. గీత మీద మొదటి హక్కు వేసేవాళ్లది కాదు. బొమ్మలోకి వస్తున్న మనిషిది, లారీది, దుమ్ముది.

తెలియని వాళ్ల కోసం ఊరి సంగతి కాస్త చెప్పాలి. చంద్రపూర్ జిల్లా, కోర్పణా తాలూకా. పైన నల్లరేగడి, పత్తి చేలు, కింద సున్నపురాయి. ఆ రాయి కోసమే మరాఠా సిమెంట్ వర్క్స్ ఇక్కడ వెలిసింది. గడ్చందూర్‌లో, ఆవార్‌పూర్‌లో కూడా సిమెంటు ఫ్యాక్టరీలే. ఈ ఊళ్లున్న రాజురా ప్రాంతం 1956లో రాష్ట్రాలని పునర్వ్యవస్థీకరించే దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అందుకే ఇక్కడ తెలుగు నిన్న మొన్న రైలెక్కి వచ్చింది కాదు. కిరాణా కొట్టు ముందు ఒక మాట మరాఠీలో మొదలై, తెలుగులో సాగి, హిందీలో తేలుతుంది. సంతకి వచ్చేవాళ్లలో గోండి, కొలామీ మాట్లాడేవాళ్లూ ఉంటారు.

ఇలాంటి చోట తెలుగులో కాప్షన్ రాస్తే సగం మందికి బొమ్మ చేరదు. మరాఠీలో రాస్తే మిగతా సగం. నా పని పద్ధతిని మార్చింది ఇదే.

మొదట ఆలోచనని ఒక వాక్యంగా రాసుకుంటాను. తర్వాత పోస్టుకార్డులో సగం ఉండే గళ్లలో పెన్సిల్‌తో రఫ్‌లు. ఎటువైపు నుంచి చూడాలి, ఎవరు ముందు, ఎవరు వెనక, చూపు ఎక్కడ ఆగాలి అన్నవన్నీ అక్కడే తేలాలి. ఆ సైజులో అందని జోకు పెద్ద కాగితం మీదా అందదు. అప్పుడు మొదట రాసుకున్న వాక్యం కొట్టేస్తాను. అది లేకుండా బొమ్మ నిలబడితేనే ఇంకు సీసా మూత తీస్తాను.

మా ఎదురింటి కాకూకి తెలుగు చదవడం రాదు. రఫ్ ఆవిడకే మొదట చూపిస్తాను. నవ్విందా లేదా అన్నదానికంటే ఆవిడ చూపు ముందు ఎక్కడ పడిందన్నది నాకు ముఖ్యం.

ఆ మధ్య వేసిన ఒక బొమ్మ సంగతి చెబుతాను. రోడ్డు పక్క చాయ్ బండి దగ్గర నిలబడ్డవాళ్లు, లారీ వస్తోందనగానే అందరూ ఒకేసారి గ్లాసు మీద అరచేయి కప్పుతారు. మాట ఆపరు, లారీ వైపు చూడరు, చేయి మాత్రం కప్పేస్తుంది. ఆ చేతిని చూస్తుంటే నా కార్టూన్ దొరికింది. సెలవుకి సొంతూరు పోయిన మనిషి, చెరువుగట్టు మీద చెట్టు కింద చాయ్ తాగుతున్నాడు. పక్కనుంచి ఎడ్లబండి పోతోంది. అతని అరచేయి గ్లాసు మీద ఉంది. రెండు గళ్లు: ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. మాట లేదు.

ఆలోచన ఒక్క పూటలో వచ్చింది. మొదటి గడిలోని దుమ్ము మాత్రం చాలాకాలం లొంగలేదు. బ్రష్‌తో వేస్తే వంపులు తిరిగి మబ్బులా అందంగా తయారైంది. బాపు బొమ్మలు చూసి పెరిగిన చేతికి బ్రష్ దొరికితే సొగసు దానంతటదే వచ్చేస్తుంది. దుమ్ముకి సొగసు నప్పదు. క్రోక్విల్ నిబ్బుతో అడ్డగీతలు, నిలువుగీతలు అల్లితే మిట్టమధ్యాహ్నం కాస్తా రాత్రయింది. పళ్ల బ్రష్‌తో ఇంకు చిమ్మితే వాన కురిసింది. చివరికి దుమ్ము వేయడమే మానేశాను. లారీ గీతలని, మనుషుల గీతలని దుమ్ము ఉన్నచోట తెంపేశాను. భుజం ఉంది, మోచేయి లేదు. లారీ చక్రం సగమే ఉంది. ఖాళీ కాగితమే దుమ్మైంది. గ్లాసు మీది అరచేతిని మాత్రం రెండు గళ్లలోనూ ఎక్కడా తెగని లావు గీతతో కట్టాను. కాకూ చూపు తిన్నగా ఆ చేతి మీదే పడింది.

మాటల్లేకుండా నవ్వించడంలో జయదేవ్ గారిని మించిన గురువు నాకు లేరు. ఆయన మద్రాసులోని సర్ త్యాగరాయ కళాశాలలో జువాలజీ ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఒక్క ఒంపుతో ఏ ప్రాణి నడక ఏదో తేల్చేసే ఆయన గీత వెనక ఆ చదువు ఉందనే నా అభిప్రాయం. ఈ పక్క మరాఠీవాళ్లకి శి. ద. ఫడ్నీస్ ఉన్నారు. మోహిని పత్రిక ముఖచిత్రాలుగా వచ్చిన ఆయన రంగుల కార్టూన్లలో మాట ఉండదు. దీపావళికి ప్రత్యేక సంచికలు కొనడం, ఆ ముఖచిత్రం ముందు ఆగి నవ్వుకోవడం ఇక్కడి ఇళ్లలో పండగలో భాగమే.

అన్నీ మాటల్లేకుండా సాగవు. మాట తప్పనిసరైనప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నకి నాకు దారి చూపించింది 2011లో నవయాన ప్రచురణ సంస్థ తెచ్చిన భీమాయన అనే బొమ్మల పుస్తకం. అంబేడ్కర్ జీవితానికి బొమ్మలు వేసింది దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు. కథని గళ్లలో బంధించడానికి వాళ్లు ఒప్పుకోలేదు. మంచి మాటల బెలూన్లు పక్షి ఆకారంలో ఉంటాయి. కుట్టే మాటల బెలూన్లకి తేలు కొండి ఉంటుంది. అక్షరం చదవకముందే ఆ మాట ఎలాంటిదో తెలిసిపోతుంది. 1956 అక్టోబర్ 16న అంబేడ్కర్ చంద్రపూర్‌లోనే వేలమందికి బౌద్ధ దీక్ష ఇచ్చారు. ఇక్కడ ఆయన బొమ్మ లేని వాడ ఉండదు. అందుకే ఆ పుస్తకం నాకు మరీ దగ్గరైంది.

అలాగని వాళ్ల బొమ్మల్లోని చుక్కలు, చారలు తెచ్చి నా బొమ్మల్లో నింపేయను. గోండు చిత్రాల్లో నింపే తీరు ఒక్కో కళాకారుడికి ఒక్కో గుర్తు. ఇంకొకరి గుర్తుని అలంకారంగా వాడుకోవడం తప్పని గట్టిగా నమ్ముతాను. వాళ్ల నుంచి నేను తీసుకున్నది బెలూన్ ఆకారానికీ గొంతు ఉంటుందన్న ఆలోచన ఒక్కటే. ఇప్పుడు నా బొమ్మల్లో కాంట్రాక్టరు మాట్లాడితే బెలూన్ అవతలి మనిషి తలని ఆనుకుని కిందికి దిగుతుంది.

గీతని మార్చేది విషయం ఒక్కటే కాదు, అచ్చు కూడా. తలిశెట్టి రామారావు గారు 1930ల్లో భారతి పత్రికలో కార్టూన్లు వేసిన నాటి నుంచి ఆఫ్‌సెట్ వచ్చేదాకా గీతబొమ్మకి జింకు బ్లాకు చేయించాలి. దానికి నలుపు, తెలుపు తప్ప మధ్యలో బూడిదరంగు తెలియదు. నీడ కావాలంటే గీతలు దగ్గరగా వేయాలి, లేదా మొత్తం నల్లగా నింపాలి. ఆ నిర్బంధంలోంచే మన పెద్దల బలమైన నలుపులు వచ్చాయి. నా బొమ్మలు ఎక్కువమంది చూసేది ఫోనులో. దగ్గర దగ్గర గీతలు అక్కడ మసకబారి మరకైపోతాయి. అందుకే గీతలు తగ్గించాను. ఉన్నవాటికి లావు పెంచాను. వేసిన ప్రతి బొమ్మనీ రెండు వేళ్ల వెడల్పుకి కుదించి చూస్తాను.

సొంత ముద్ర లేకపోతే ఎవరు గుర్తుపడతారని ఒక సంపాదకులు నన్ను సూటిగానే అడిగారు. రోజూ మొదటి పేజీలో కనబడాల్సినవాళ్లకి ఆ ముద్ర అవసరమే, వాళ్ల కష్టం చిన్నది కాదు. రోజువారీ గడువు లేని నాలాంటివాళ్లు ఆ తీరికని వెతుకులాటకి ఖర్చు చేయకపోతే ఇంక ఎవరు చేస్తారు? రొమేనియాలో పుట్టి న్యూయార్కర్‌కి బొమ్మలు వేసిన సాల్ స్టైన్‌బర్గ్ 1953లో ఒక విందు దృశ్యం గీశాడు. అందులో అతిథులు ఒక్కొక్కరు ఒక్కో పద్ధతిలో ఉంటారు. ఒకరు చుక్కలతో, ఒకరు పిచ్చిగీతలతో, ఒకరు మొండి నలుపుతో. గీతే స్వభావం. అన్ని పద్ధతులు కలిసినా ఆ బొమ్మ స్టైన్‌బర్గ్‌దేనని ఎవరైనా చెబుతారు.

ప్రస్తుతం గడ్చందూర్ సంతని ఒకే పెద్ద కాగితం మీద వేస్తున్నాను. మిరపకాయలు అమ్మే ఆవిడకి నిబ్బుతో కోసుకుపోయే గీత కుదిరింది. పత్తి రైతుకి ఆరిపోతున్న బ్రష్, అక్కడక్కడా కాగితం కనబడేలా. బడిపిల్లలకి పెన్సిలే, ఇంకు పెట్టలేదు. లారీ డ్రైవరు మాత్రం ఇంకా కుదరలేదు. బొగ్గుతో వేస్తే బరువెక్కాడు, నిబ్బుతో వేస్తే అలసట పోయింది. రేపు వెదురుపుల్ల చెక్కి ఇంకులో ముంచి చూస్తాను.