పక్కవాడి పాఠం

సంగీత కళాశాలలో గంట క్లాసంటే ఒక్కో విద్యార్థి విడిగా పాడేది ఐదారు నిమిషాలే. మిగిలిన సమయమంతా పక్కవాళ్లు పాడుతుంటే తాళం వేస్తూ కూర్చోవాలి. తల్లిదండ్రులకు ముందుగా మింగుడుపడనిది ఇదే. ఇంటికి వచ్చి చెప్పే మాస్టారైతే ఆ గంటంతా మా అమ్మాయికే దక్కుతుంది కదా అంటారు. వాళ్ల లెక్కలో తప్పేమీ లేదు. కానీ నాకు చెవి వచ్చిందంటూ ఉంటే అది పక్కవాళ్లు పాడుతుండగా కూర్చున్న ఆ సమయంలోనే వచ్చింది. పాడిన నిమిషాలు గొంతుకు పనికొచ్చాయి, విన్న నిమిషాలు సంగీతానికి పనికొచ్చాయి.

తోడి సంగతి చెబుతాను. తోడి గాంధారాన్ని పుస్తకంలో సాధారణ గాంధారం అని రాస్తారు. హార్మోనియం మీద దానికో మెట్టు కూడా ఉంది. ఆ మెట్టు నొక్కిపట్టి ఎంతసేపు కూర్చున్నా తోడి రాదు. ఆ స్వరం రిషభం వైపు వాలుతూ, మధ్యమాన్ని తాకుతూ ఊగాలి. ఎంత వాలాలి, ఎంత తాకాలి అన్నది స్వరలిపిలో రాయడానికి లేదు. మా క్లాసులో ఒకబ్బాయి గాంధారాన్ని నిటారుగా నిలబెట్టేసేవాడు. అతని వెనక కూర్చునే అమ్మాయి ఊపు ఎక్కువై మధ్యమం మీదే వాలిపోయేది. మాస్టారు ఇద్దరినీ ఏమీ అనేవారు కాదు. మూడోవాళ్ల వైపు తిరిగి, "ఏమ్మా, వాడి గాంధారం ఎక్కడ ఆగిందో చెప్పు" అనేవారు. చెప్పాలంటే అతను పాడింది లోపల పాడుకోవాలి, పాడాల్సింది కూడా లోపల పాడుకోవాలి, రెండింటికీ నడుమ ఎడం ఎంతో పట్టుకోవాలి. అంత పని మన వంతు వచ్చి పాడేటప్పుడు సాధ్యం కాదు. అప్పుడు ధ్యాస సగం ఊపిరి మీద, సగం తాళం మీద ఉంటుంది. పైగా మన గొంతు మనకు గాలిలోంచే కాక తల ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది కనుక, ఎదుటివాళ్లకు వినపడినట్టు మనకు ఎప్పుడూ వినపడదు. ఎదుటివాళ్ల గొంతు మాత్రం ఉన్నదున్నట్టు వస్తుంది.

భైరవిలో ఇంకొంచెం చిక్కు ఉంది. పైకి పోతూ నిషాదం మీదుగా షడ్జాన్ని అందుకునేటప్పుడు చతుశ్రుతి ధైవతం పలకాలి, దిగేటప్పుడు శుద్ధ ధైవతం. లక్షణం అడిగితే క్లాసులో అందరూ గడగడా చెప్పేవాళ్లు. విరిబోణి వర్ణం అందుకోగానే అసలు సంగతి బయటపడేది. అట తాళం, పద్నాలుగు అక్షరాలు, చేతివేళ్లు లెక్క తప్పకుండా చూసుకోవాలి. ఆ కంగారులో ధైవతాలు ఒకదాని చోట ఒకటి దొర్లేవి. ఒకళ్ల తర్వాత ఒకళ్లుగా అదే చరణం ఎనిమిది గొంతుల్లో విన్నాక, ఏ ప్రయోగంలో ఏ ధైవతమో ఎవరూ చెప్పకుండానే చెవిలో కూర్చుంది. ఒక్కదాన్నే కూర్చోబెట్టి ఆ వర్ణం నాకు ఎనిమిదిసార్లు చెప్పినా అలా కూర్చునేది కాదని నా గట్టి నమ్మకం.

గురుకులంలోనూ జరిగింది ఇదే. పెద్ద శిష్యుడికి పాఠం జరుగుతుంటే చిన్నవాడు ఒక పక్కన ఒదిగి కూర్చుని వినేవాడు. అయితే ఆ ఇంట్లోకి అడుగుపెట్టడమే అందరికీ కుదిరేది కాదు. బంధుత్వమో, సిఫార్సో, ఏళ్ల తరబడి సేవ చేసే వీలో ఉండాలి. తెలుగునాట ఆ గడపను తగ్గించినవారిలో పూసపాటి విజయరామ గజపతిరాజును ముందు చెప్పుకోవాలి. 1919లో ఆయన విజయనగరంలో గాన పాఠశాల పెట్టారు. సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావుగారి అబ్బాయి గంగరాజుకు చూపు లేదని, సంగీతం మీద అతనికున్న ఇష్టం చూసి రాజుగారికి ఈ ఆలోచన వచ్చిందని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక పిల్లవాడి కోసం ఒక గురువును కుదర్చకుండా పదిమందికీ బడి తెరవడం నాకు చాలా పెద్ద విషయంగా తోస్తుంది. ఇటలీలో నేపుల్స్ సంగీత విద్యాలయాలు కూడా పదహారో శతాబ్దంలో అనాథ పిల్లల ఆశ్రమాలుగానే మొదలయ్యాయి. వేరే దిక్కు లేని పిల్లల దగ్గర మొదలైన చదువు ఇది.

విజయనగరం బడికి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిరతలు పట్టి హరికథ చెప్పిన మనిషి. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చిన పండితుడు. లయ మీద ఆయనకున్న పట్టు గురించి కథలు కథలుగా చెప్పుకున్నారు. అదే చూరు కింద వయొలిన్ చెప్పడానికి ద్వారం వెంకటస్వామి నాయుడు వచ్చారు, అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. దాసుగారిది నిలువెల్లా కదిలిపోయే కళ. నాయుడుగారిది కూర్చున్న చోట కూర్చుని కమాను ఒత్తిడి రవ్వంత తగ్గించి నాదాన్ని మార్చే కళ. దాసుగారి తర్వాత 1936లో నాయుడుగారే ప్రిన్సిపాల్ అయ్యారు. కచేరీలో పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను నడుమ కూర్చోబెట్టి తనిగా వినిపించి మెప్పించారు, 1941లో సంగీత కళానిధి అయ్యారు. ఆ పదిహేడేళ్లలో అక్కడ చదివిన పిల్లల అదృష్టం తలుచుకుంటే నాకు అసూయ కలుగుతుంది. సంగీతమంటే ఇలాగే ఉండాలన్న మొండితనం వాళ్లకు పట్టే అవకాశమే లేదు. ఒక గదిలో ఒక దారి, పక్క గదిలో పూర్తిగా మరో దారి, రెండూ నిజమే.

ఘంటసాల అక్కడికి చేరిన కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. తండ్రి చిన్నప్పుడే పోయారు. వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం వెళ్లారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి, తన ఇంట్లోనే రోజులు కష్టంగా గడుస్తున్నా, రూపాయి తీసుకోకుండా విద్య చెప్పారు. ఆ కుర్రవాడు భుజాన జోలె వేసుకుని మధూకరం చేసి కడుపు నింపుకున్నాడు. మనం ఈ కథను ఆయన పట్టుదలకు గుర్తుగా చెప్పుకుంటాం. నాకు అందులో ఆ ఊరు కూడా కనిపిస్తుంది. బడి ఉంది కనుక గురువులు ఆ ఊళ్లో ఉన్నారు, పాట నేర్చుకునే పిల్లవాడికి ముద్ద పెట్టే ఇళ్లు ఉన్నాయి. అదే ఊళ్లో పుట్టిన పి. సుశీల అదే కళాశాలలో డిప్లొమా చేశారు. ఒక సంగీత కళాశాల ఊరికి ఏమిస్తుందో చూడాలంటే పట్టాల లెక్క తీస్తే చాలదు, వీధిలో వినేవాళ్లు ఎంతమంది తయారయ్యారో చూడాలి.

మన ప్రభుత్వ కళాశాలల్లో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ తరగతిలో ఉండే మనుషుల కలయిక. బడి వదిలాక యూనిఫాంతోనే వచ్చే పిల్లలు, ఆఫీసు నుంచి నేరుగా వచ్చే ఉద్యోగులు, పెళ్లితో ఆగిపోయిన పాటను మళ్లీ అందుకున్న గృహిణులు ఒకే చాప మీద కూర్చుంటారు. నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా. సరళీ స్వరాలు మూడు కాలాల్లో పలకడంతో మొదలై జంటలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కృతులు దాటుకుంటూ రాగాలాపన దాకా పోతారు. పన్నెండేళ్ల పిల్లకు మొదటిసారికే పట్టుబడిన సంగతి యాభై ఏళ్లాయనకు నెలైనా పట్టుబడకపోవచ్చు. అదే ఆయన సాహిత్యం అర్థం తెలిసి పాడుతుంటే ఆ పిల్ల నోరు తెరుచుకుని వింటుంది. ఏ ఇంటి పాఠంలో దొరుకుతుంది ఇది?

లోటు లేదని అనను. పరీక్ష దగ్గరపడేసరికి ఈ చదువు ముఖం మారిపోతుంది. ఎగ్జామినర్ ముందు పాడాల్సిన జాబితా ఒకటి ఉంటుంది, థియరీలో మేళకర్తలు, తాళ దశప్రాణాలు, వాగ్గేయకారుల జీవితాలు ఉంటాయి. ఎవరి జాబితా వాళ్లు పట్టుకుని మూలకు చేరి వల్లెవేసుకుంటారు. పక్కవాళ్లు పాడుతుంటే వినడం మానేస్తారు. ఈ చదువుకు ఆయువుపట్టు అనుకునేది ఏదో అదే మొదట పోతుంది. డిప్లొమా చేతికొచ్చిన పిల్లలు పాతిక కృతులు పొల్లుపోకుండా పాడతారు, స్వరకల్పన చేయమంటే ఇంట్లో రాసుకొచ్చింది అప్పజెబుతారు. మనోధర్మం రాకపోవడం వాళ్లకు తెలివి చాలక కాదు. ఎదుటివాళ్లు ఆవృతం ఎక్కడ వదిలారో విని, అక్కడినుంచి అందుకునే అలవాటు తప్పింది, అంతే.

ఇప్పుడు ఫోన్లో పాఠాలు వచ్చాయి. డాలస్‌లో ఉన్న తెలుగు పిల్ల రాజమండ్రిలో ఉన్న గురువుగారి దగ్గర నేర్చుకోగలుగుతోంది, అది నిజంగా మంచి సంగతి. కానీ ఫోన్లో మాట చేరేలోపు కొంత ఆలస్యం అవుతుంది. ఇద్దరు కలిసి తాళం వేస్తే దెబ్బలు కలవవు. అందుకని ఒకరు పాడేటప్పుడు మిగతావాళ్లు మైకు ఆపుకోవాలి. పది మంది ఒకే శ్రుతిలో గొంతు కలపడం అందులో కుదరదు. ఇన్ని పరికరాలు వచ్చినా కళాశాల గోడలు ఇంకా అవసరమే అని నేను వాదించేది ఇందుకే.

ఖర్చు లేకుండా చేయగలిగిన మార్పులు రెండు ఉన్నాయి. గాత్రం, వయొలిన్, వీణ, మృదంగం వాళ్లకు విడివిడి గదులు, విడివిడి వేళలు ఉంటాయి. ఒకే కళాశాలలో ఏళ్లు గడిపినా గాత్రం పిల్ల మృదంగం పాఠం వినకుండానే బయటికి వచ్చేస్తుంది. వారంలో ఒక సాయంత్రం అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఎవరో ఒకరి చేత పాడించాలి. పాడేవాళ్లకు పక్కవాద్యం వాయించేది కూడా విద్యార్థులే కావాలి.

రెండోది పరీక్ష. విద్యార్థులను ఇద్దరిద్దరుగా లోపలికి పిలవాలి. ఒకరు భైరవి ఆలాపన చేస్తారు. పాట అయ్యాక ఎగ్జామినర్ రెండోవాళ్లను అడగాలి: ధైవతం ఎక్కడ మారింది, ఏ ప్రయోగం బాగుంది, అది ఒకసారి మీరు పాడి వినిపించండి. మార్కుల్లో నాలుగోవంతు దానికి పెట్టాలి. అలా పెట్టిన మొదటి ఏడాదే మూలల్లో కూర్చున్న పిల్లలు జాబితాలు పక్కన పడేసి, పక్కవాళ్లు పాడేటప్పుడు దగ్గరికి జరిగి కూర్చుంటారు.